అణా టిఫిన్

టీ నగర్ అనగానే మన పిల్లలకు బట్టల కొట్లే గుర్తొస్తాయి. ఆ 'టీ' సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారిదని, ఆయన తెలుగింటి బిడ్డ అని మనమే చెప్పాలి.

1920లో ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులు. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడికి వచ్చేది పేద పిల్లలు. ఆకలికి చదువు సాగక బడికి రావడం తగ్గుతోంది. ఒక్కొక్కరికి రోజుకు అణా మించకుండా టిఫిన్ పెట్టాలని ఆ సెప్టెంబరులో కౌన్సిల్ తీర్మానించింది. అప్పటికే అమెరికా నగరాల్లో సంస్కర్తలు బడిలో 'పెన్నీ లంచ్' పెడుతున్నారు. అక్కడ పిల్లవాడు సెంటు చెల్లించాలి, ఇక్కడ ఖర్చంతా కార్పొరేషన్‌దే. మాకు ఇదే పెద్ద మాటగా తోస్తుంది.

తర్వాత మరికొన్ని బడులకూ టిఫిన్ వెళ్లింది. కానీ ప్రాథమిక విద్యా నిధి నుంచి ఆ ఖర్చు కుదరదని బ్రిటిష్ ప్రభుత్వం అడ్డుచెప్పడంతో 1925 ఏప్రిల్‌లో ఆగిపోయింది. లెక్కల పేచీకి పిల్లల పళ్లెం పోయిందన్నమాట! అదే నెలలో చెట్టి గారూ కన్నుమూశారు.

రాష్ట్రమంతటా బడి భోజనం రావడానికి 1956లో కామరాజు గారి హయాం దాకా ఆగాల్సివచ్చింది. ఈ వారం మధ్యాహ్నం గంట కొట్టాక, పిల్లలు పళ్లేలు పట్టుకుని కూర్చున్నప్పుడు, ఈ అణా కథ తెలుగులోనే చెప్పండి.