నీళ్లడిగిన పిల్లాడు

పోయిన నవంబరులో ఒక రాత్రి మా పాపకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఏడాదిన్నర పిల్ల. తెల్లారేసరికి ఏడుస్తుంటే కళ్లలోంచి చుక్క రావడం లేదు. కౌలాలంపూర్‌లో మా ఇంటి పక్క క్లినిక్‌కి ఎత్తుకుని పరిగెత్తాం. డాక్టరమ్మ చూసి, "సెలైన్ అక్కర్లేదు. ఓఆర్ఎస్ కలిపి స్పూనుతో కొంచెం కొంచెం పడుతూనే ఉండండి" అంది.

ఇంటికొచ్చి కలుపుతుంటే, మమ్మల్ని చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వద్దురా. పట్టినకొద్దీ పోతూనే ఉంటాయి. కాసేపు పొట్ట ఖాళీగా ఉంచు."

అమ్మ టీచరుగా రిటైరయింది. ఆవిడ నోట ఆ మాట విని తెల్లబోయాను. "మీ అమ్మమ్మ అలాగే చేసేది" అంది. కాసేపాగి, "అన్నయ్యకి కూడా" అంది.

అమ్మకో అన్నయ్య ఉండేవాడని తెలుసు. నరసన్నపేట దగ్గర పల్లెలో, 1966లో, మూడేళ్ల వయసులో పోయాడు. ఎలా పోయాడని నేనెప్పుడూ అడగలేదు. రెండురోజుల విరేచనాలట. నీళ్లు, నీళ్లు అని అడుగుతూనే ఉన్నాడట. పెద్దవాళ్లు ఇవ్వొద్దన్నారని అమ్మమ్మ ఇవ్వలేదట.

పాప కుదుటపడ్డాక నేను చదవడం మొదలుపెట్టాను. మొదట తెలిసిందేమిటంటే, అది పల్లెటూరి చాదస్తం ఒక్కటే కాదు. విరేచనాలప్పుడు పేగుకి విశ్రాంతినివ్వాలని డాక్టర్లే చెప్పిన కాలమది. ఒళ్లు ఎండిపోతే నరానికి సెలైన్ ఎక్కించడమే అసలు వైద్యం. సెలైన్ ఉన్న ఆసుపత్రి దగ్గర్లో లేకపోతే ఇక అంతే.

విరేచనాలవుతున్నప్పుడు ఉత్త నీళ్లు తాగితే పేగు సరిగ్గా పీల్చుకోదు, ఉప్పునీళ్లు తాగినా అంతే. కానీ ఉప్పుతో పాటు గ్లూకోజు ఉంటే పేగుగోడలో ఒక తలుపు తెరుచుకుంటుంది. మన బ్యాంకు లాగిన్‌కి పాస్‌వర్డూ ఓటీపీ రెండూ కావాల్సినట్టు, ఆ తలుపుకి రెండూ కావాలి. రెండూ లోపలికెళ్తే వాటి వెనక నీళ్లూ వెళ్తాయి. ఈ సంగతిని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రేగ్‌లో జరిగిన ఒక సదస్సులో చెప్పాడు. డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు ఢాకా కలరా ల్యాబొరేటరీలో రోగుల మీద దాన్ని రుజువు చేసింది 1968లో. మా మావయ్య పోయిన రెండేళ్లకి.

అయినా పెద్దాసుపత్రులు నమ్మలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల్లో, సరిహద్దులోని బన్‌గావ్‌లో, కలరా చెలరేగింది. సెలైన్ అయిపోతోంది. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లని డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. అక్కడ మరణాలు సుమారు 30 శాతం నుంచి 3.6 శాతానికి పడిపోయాయి. నర్సు కాదు, అమ్మే వైద్యం చెయ్యగలదని అక్కడ తేలింది. ఆయన 2022లో కన్నుమూశాడు. పద్మవిభూషణ్ ఆ తర్వాతి ఏడాది వచ్చింది.

1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విరేచనాల మీద ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. ఇక బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇంటింటికీ తిరిగి, మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం లెక్కన కోటికి పైగా ఇళ్లలో తల్లులకి నేర్పింది. కార్యకర్తల జీతం, ఆ తల్లులకి తర్వాత ఎంత గుర్తుందన్న దాన్నిబట్టి! మన అప్రైజళ్ల కన్నా ఇది నయమనిపించింది.

మలేషియా ఇంకోవైపు నుంచి వచ్చింది. ఢాకా ప్రయోగం జరిగిన 1968లోనే ఇక్కడి ప్రభుత్వం పల్లెల్లో మంచినీళ్లు, నీళ్లు పోసి కడిగే మరుగుదొడ్ల పథకం మొదలుపెట్టింది. మన ఉత్తరాంధ్ర నుంచి రబ్బరు, కొబ్బరి తోటలకి వలసొచ్చిన వాళ్ల మనవలు బాగన్ దాతో వైపు ఇంకా తెలుగు మాట్లాడతారు. ఓ ఉగాది పండగలో కలిసిన ఒక పెద్దాయన, "లైన్లలో మా చిన్నప్పుడు ఇంటికో బిడ్డ పోయేది బాబూ. నీళ్ల పైపొచ్చాక ఆగింది" అన్నాడు. వైద్యం బిడ్డని కాపాడుతుంది, పైపు ఆ అవసరాన్నే తగ్గిస్తుంది. రెండూ కావాలి.

మూడోది టీకా. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకి పెద్ద కారణమైన రోటావైరస్‌ని రూత్ బిషప్ బృందం 1973లో మెల్‌బోర్న్‌లో కనిపెట్టింది. దాని మీద మన హైదరాబాదులో, భారత్ బయోటెక్‌లో తయారైన రోటావాక్ 2015లో విడుదలైంది. 2016లో రోటా టీకాని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1980 ప్రాంతంలో ప్రపంచంలో ఏటా దాదాపు 50 లక్షలమంది పిల్లలు విరేచనాలతో పోయేవారు. ఇప్పుడు సుమారు 4.4 లక్షలు. సంతోషించాల్సిన లెక్కే, కానీ ఆ మిగిలిన వాళ్లూ పిల్లలే.

పాత శత్రువు వేషం మార్చుకుని వస్తుంటాడు కూడా. పంచదార దట్టించిన తీపి డ్రింకులు ఓఆర్ఎస్ పేరుతో మందుల షాపుల్లో అమ్ముడుపోయేవి. పంచదార మరీ ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

పాప తేరుకున్నాక అమ్మమ్మకి వీడియో కాల్ చేశాను. ఎనభై నాలుగేళ్లు. ఢాకా కథంతా చెప్పాను. అప్పటికి పెద్దపెద్ద డాక్టర్లకే తెలీదు, నీ తప్పు కాదు అన్నాను. ఆవిడ ఆ మాట విన్నట్టే లేదు.

"ఎంత ఉప్పన్నావురా?"

"లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి తలకొట్టిన టీ స్పూను ఉప్పు సగం, పంచదార ఆరు. ప్యాకెట్ దొరికితే అదే మేలు, దానిమీద ఎన్ని నీళ్లు రాస్తే అన్నే పొయ్యాలి."

అమ్మమ్మ వేళ్లమీద లెక్కపెట్టుకుంది. పక్కింటి కోడలికి నెలల పిల్లాడున్నాడట, చెప్పి వస్తానని ఫోను అలాగే మంచం మీద పెట్టేసి లేచింది. తెరమీద చాలాసేపు ఇంటికప్పే కనిపించింది.