ఫోను పగ్గం ఎవరి చేతిలో ఉంది?

పొలంలో మోటారుకు మొబైల్ స్టార్టరు పెట్టుకున్న రైతుకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఇంటి దగ్గర కూర్చుని ఫోను కొడితే చాలు, ఊరవతల బోరు నీళ్లు పోస్తుంది. మోటారు దగ్గర మనిషి ఉండక్కర్లేదు. సరిగ్గా అలాగే మన జేబులోని స్మార్ట్‌ఫోనును ఎక్కడో కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి నడపవచ్చు. మన ఫోను తెర అతని కంప్యూటరులో కనిపిస్తుంది. అక్కడ అతను మౌస్ నొక్కితే ఇక్కడ మన వేలు నొక్కినట్లే. స్క్రీన్ మిర్రరింగ్, రిమోట్ కంట్రోల్ అని చెప్పుకునేది దీన్నే.

ఇది మంచికీ పనికొస్తుంది, కొంప ముంచడానికీ పనికొస్తుంది. పి.ఎం. కిసాన్ డబ్బు, పంట బీమా, బ్యాంకు ఖాతా అన్నీ ఫోను నంబరుకే ముడిపడి ఉన్నాయి. కాబట్టి ఇది పనిచేసే తీరు, వాడుకునే పద్ధతి, తీసుకోవలసిన జాగ్రత్తలు రైతు సోదరులు తెలుసుకోవడం అవసరం.

ఎలా పనిచేస్తుంది?

ఇందులో జరిగే పనులు రెండే. ఒకటి, బొమ్మ బయటికి వెళ్లడం. తెర మీద కనిపించేదాన్ని వీడియోలాగా తీసి కేబుల్ ద్వారా గానీ, ఇంటర్నెట్ ద్వారా గానీ కంప్యూటరుకు పంపుతారు. రెండోది, హుకుం లోపలికి రావడం. కంప్యూటరులో నొక్కిన నొక్కులు, కొట్టిన అక్షరాలు తిరుగుదారిలో ఫోనుకు చేరి వేలి తాకిడిగా మారతాయి.

మొదటిది ఒక్కటే ఉంటే ఎదుటివాడు చూడగలడు గానీ ముట్టుకోలేడు. వాట్సాప్ వీడియో కాల్‌లో 2023లో వచ్చిన స్క్రీన్ షేరింగ్ ఈ రకమే. రెండూ ఉంటే మాత్రం ఫోను పగ్గం అతని చేతికి పోయినట్లే.

ఆండ్రాయిడ్ ఫోను ఈ రెండింటికీ వేర్వేరుగా అనుమతి అడుగుతుంది. తెర పంపేముందు రికార్డింగ్ లేదా కాస్టింగ్ మొదలుపెట్టాలా అని అడుగుతుంది. ఫోనును నడపనివ్వాలంటే సాధారణంగా సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ' తెరిచి ఆ యాప్‌కు ఒప్పుకోవాలి. చూపు లేనివారు, చేతులు సరిగా ఆడనివారు ఫోను వాడుకోవడానికి పెట్టిన సౌకర్యం ఇది. దీనికి అనుమతి ఉన్న యాప్ తెర మీది రాతలు చదవగలదు, మన బదులు తానే నొక్కగలదు. మోసగాడికి కావలసింది కూడా సరిగ్గా అదే.

మనకు ఎక్కడ ఉపయోగం?

పట్నంలో చదువుకునే, ఉద్యోగం చేసే పిల్లలున్న ఇళ్లలో ఇది అక్కరకొస్తుంది. తండ్రి ఫోనులో ఏ యాప్ ఎక్కడుందో నోటితో చెప్పి చేయించడం కష్టం. కొడుకో కూతురో అక్కడి నుంచే తెర చూసి అక్షరాలు పెద్దవి చేయడం, నిండిపోయిన ఫోటోలు తీసేయడం, పంట బీమా దరఖాస్తు ఏ స్థితిలో ఉందో చూడడం వంటివి చేసిపెట్టవచ్చు. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ ఇందుకు పనికొచ్చే అసలైన యాప్‌లే. ఫోనులో యాప్ తెరిస్తే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు కంప్యూటరులో కొట్టి, ఫోనులో మనం ఒప్పుకుంటే పని మొదలవుతుంది.

గ్రామంలో పది మంది కూర్చుని తెగులు ఫోటోలో, సాగు వీడియోలో చూడాలంటే చిన్న ఫోను చాలదు. ఫోను తెరను టీవీకి గానీ కంప్యూటరుకు గానీ పంపితే అందరికీ కనిపిస్తుంది. దీనికి చూపించే అనుమతి ఒక్కటే చాలు. నడిపే అనుమతి ఇవ్వక్కర్లేదు.

ఇంట్లో కంప్యూటరు ఉంటే ఇంటర్నెట్ లేకుండా ఒక్క కేబుల్‌తోనే పని అవుతుంది. 2018లో వచ్చిన 'స్క్రీన్ కాపీ' అనే ఉచిత ప్రోగ్రాం ఈ పని చేస్తుంది. దీన్ని ఇంగ్లీషులో ఎస్‌సీఆర్‌సీపీవై అని రాస్తారు. ఫోనులో ఏ యాప్ వేయక్కర్లేదు. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'లోకి వెళ్లి 'బిల్డ్ నంబర్' మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో 'యూఎస్‌బీ డీబగ్గింగ్' వేసుకోవాలి. కేబుల్ పెట్టగానే ఈ కంప్యూటరును నమ్మాలా అని ఫోను అడుగుతుంది. సొంత కంప్యూటరైతేనే ఒప్పుకోవాలి. పని అయ్యాక డీబగ్గింగ్ ఆపేయాలి. నెట్ సెంటరులో, రిపేరు షాపులో దీన్ని వేసి వదిలేయడం మంచిది కాదు.

ఒకవేళ తెర పగిలి, బొమ్మ కనిపిస్తున్నా వేలు పనిచేయకపోతే కంప్యూటరు కూడా అక్కర్లేదు. ఓటీజీ పిన్ను తగిలించి మామూలు మౌస్ పెడితే చాలా ఫోన్లలో బాణం గుర్తు వచ్చి పని జరుగుతుంది.

మోసం ఎలా జరుగుతుంది?

రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే ఈ రిమోట్ యాప్‌ల మోసం గురించి బ్యాంకులను హెచ్చరించింది. పద్ధతి అప్పటికీ ఇప్పటికీ ఒకటే. ముందు ఒక ఫోను వస్తుంది. మీ పి.ఎం. కిసాన్ విడత ఆగింది, కేవైసీ కాలేదు, బీమా డబ్బు వచ్చింది, ఖాతా స్తంభించింది అంటాడు. అయ్యో అనేలోపే 'కంగారు పడకండి, నేను చెప్పినట్లు చేయండి' అని ఒక యాప్ వేయిస్తాడు. తెర మీద వచ్చిన నంబరు చదవమంటాడు. తర్వాత వచ్చే ప్రశ్నలన్నిటికీ 'అలో' నొక్కమంటాడు.

చాలామంది అనుకునేదేమంటే, ఓటీపీ నేను చెప్పలేదు కదా, నాకేం భయం అని. తెర అతని ముందే ఉంది. ఓటీపీ మెసేజి మీకంటే ముందు అతనే చదువుకుంటాడు. కొన్ని బ్యాంకు యాప్‌లు తెర పంపుతున్నప్పుడు నల్లగా అయిపోయి కాపాడతాయి. కానీ వాటి వెలుపల వచ్చే మెసేజీలు అతనికి కనిపించే వీలుంది. కాబట్టి చూసే అనుమతి ఒక్కటి ఇచ్చినా ప్రమాదమే.

ఇంకో దారి వాట్సాప్. పి.ఎం. కిసాన్ పేరుతో, పెళ్లి పిలుపు పేరుతో చివర 'ఏపీకే' అని ఉండే ఫైలు పంపుతారు. అది కార్డు కాదు, యాప్. వేసుకుంటే మెసేజీలు చదివే, ఫోనును నడిపే అధికారం అడుగుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి వచ్చిన యాప్‌లకు యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఫోనే అడ్డుపడుతుంది. ఆ అడ్డు ఎలా తీయాలో ఎవరైనా ఫోనులో నేర్పుతున్నాడంటే అతను మన మేలు కోరేవాడు కాదు.

అసలు సంగతి ఇదీ

పి.ఎం. కిసాన్ కింద ఏటా 6,000 రూపాయలు 2,000 చొప్పున మూడు విడతల్లో నేరుగా ఖాతాలో పడతాయి. ఈ-కేవైసీకి మూడు దారులున్నాయి. ఆధార్ నంబరుకు వచ్చే ఓటీపీతో వెబ్‌సైటులో చేసుకోవచ్చు, కామన్ సర్వీస్ సెంటరులో వేలిముద్ర వేయవచ్చు, 2023 నుంచి పి.ఎం. కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసుకోవచ్చు. ఈ మూడింటిలో దేనికీ ఎవరికీ ఫోను తెర చూపించనక్కర్లేదు. అనుమానం ఉంటే 155261కు ఫోను చేసి అడగవచ్చు. అలాగే ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ను కొట్టే పని లేదు. పిన్ను అడిగారంటే డబ్బు పోవడానికే.

పొరపాటున అనుమతి ఇస్తే

క్షణం ఆలస్యం చేయకుండా ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోవాలి. ఇంటర్నెట్ తెగితే పగ్గం తెగినట్లే. ఇంట్లోవారి ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించాలి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కు ఫోను చేయాలి. ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళుతుంది. దొంగ దాన్ని డ్రా చేయకముందే ఆపగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. అందుకని ప్రతి నిమిషమూ ముఖ్యమే. లావాదేవీ నంబరు, వచ్చిన మెసేజి, ఫోను చేసిన నంబరు చెరపకుండా రాసి పెట్టుకోవాలి. తర్వాత యాక్సెసిబిలిటీలో ఆ యాప్‌ను ఆపి, తీసేసి, పిన్నులు వేరే ఫోను నుంచి మార్చుకోవాలి. సిగ్గుపడి దాచుకుంటే నష్టం పెరుగుతుంది.

గుర్తుంచుకోండి

* మీరై పిలిచిన మీవారికి తప్ప ఎవరికీ తెర చూపించవద్దు.
* ఇంట్లోవారికి చూపించినా బ్యాంకు యాప్ తెరవవద్దు. పని అయ్యాక అనుమతి తీసేయాలి.
* యాప్‌లు ప్లే స్టోరు నుంచే వేసుకోవాలి. ప్లే స్టోరులో ఉన్న యాప్ అయినా అపరిచితుడు వేయమంటే వేయవద్దు.
* నెలకొకసారి సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి, తెలియని యాప్ పేరు కనిపిస్తే ఆపేయాలి.

స్టార్టరు నంబరు దారినపోయేవాడికి ఇవ్వం. ఫోను తెర మీద వచ్చే నంబరు కూడా అలాంటిదే.