వృత్తిగౌరవం – సహోద్యోగి నాలుక

పరువు అనే మాటకు మన కళాశాలలోని రెండు భాషలలోనూ సమానమైన బరువు ఉన్నది. తెలుగు తరగతిలో అది పరువు. ప్రక్క గదిలో ఇజ్జత్. దానిని పోగొట్టే పనికి మాత్రం రెండు భాషలూ ఒక్క పేరుతో తృప్తిపడలేదు. చాటుగా చేరవేసేది చాడీ. దానికి కొంత కల్పన తోడైతే కొండెం. నలుగురి నోళ్లలో నాని నిలిచిపోయేది అపవాదు. మా ఇంటి దక్కనీలో చాడీని చుగ్లీ అంటారు. ఉన్న లోపాన్నే మనిషి పరోక్షంలో చెప్పుకోవడం గీబత్ అనీ, లేనిదానిని అంటగట్టడం బొహ్తాన్ అనీ పెద్దలు వేరుచేసి చెబుతారు. ఈ విభజన కేవలం నిఘంటుకారుల ముచ్చట కాదు. సహోద్యోగి వలన అపకీర్తి కలిగినవాడు మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇందులోనే ఉన్నది. అతడు చెప్పినది నాలో ఉన్న లోపమా, లేని లోపమా, లేక నా పని విషయంలో అతనికి గల భిన్నాభిప్రాయమా? మూడింటికీ మందు వేరు. మొదటిదానికి దిద్దుబాటు, రెండవదానికి సాక్ష్యం, మూడవదానికి వాదం. కోపం ఈ మూడింటిలో దేనికీ మందు కాదు. ఆ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

మునుపు నేను పనిచేసిన ఒక కళాశాలలో, నాకంటె వయస్సులో చాలా పెద్దవారైన సహాధ్యాపకులొకరు నా గురించి ప్రిన్సిపాలుగారికి రెండు విషయాలు చెప్పారు. నేను పాఠ్యభాగం పూర్తిచేయననీ, జవాబుపత్రాలు చదవకుండానే మార్కులు వేస్తాననీ వాటి సారాంశం. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. సంవత్సరారంభంలో టైంటేబుల్ గోడకెక్కినప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం తరగతి నా పేరు ఎదుట లేకపోవడం చూచి, ఆరా తీస్తే బయటపడింది.

అప్పుడు నేను చేసిన పని తెలివైనది కాదు. మధ్యాహ్నం అధ్యాపకుల గదిలో పదిమంది ఎదుట గొంతెత్తి నిలదీశాను. ఆయన టీకప్పు క్రింద పెట్టి, నేను చెప్పలేదా అన్నట్లు చుట్టూ చూశారు. సాయంకాలానికి నా మీద మూడవ నింద చేరింది, కోపిష్ఠి అని. మొదటి రెండింటికీ సాక్షులు లేరు; మూడవదానికి పదిమంది ఉన్నారు!

ఆ రోజు నన్ను ఓదార్చడానికి వచ్చినవారిలో ఒకరి తరగతి నా తరగతిని ఆనుకొని ఉండేది. చివరి పద్యం వరకు నేను చెప్పిన పాఠాన్ని గోడకు ఆవలినుండి ఆయన విన్నవారే. “అన్యాయం జరిగింది భాయ్” అన్నారు. ఆ మాట ప్రిన్సిపాలుగారి గదిలో చెప్పగలరా అని నేను అడగలేదు. ఆయన తమంతట తాము వెళ్లలేదు. నా టీచింగ్ డైరీ ఆఫీసు బీరువాలోనే ఉన్నది. దానిని తెరిచి చూచినవారు లేరు.

తరువాత కొంతకాలానికి భౌతికశాస్త్రం బోధించే మిత్రుడొకరు నాకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వృత్తాంతం చెప్పారు. నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. నక్షత్రాల లెక్కలు నా తలకు మించినవి. కాని ఆ కథలోని మనుషులను మాత్రం వెంటనే గుర్తుపట్టాను.

చంద్రశేఖర్ 1910లో లాహోరులో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. 1930లో ఓడలో ఇంగ్లండుకు బయలుదేరేనాటికి ఆయనకు ఇరవై యేళ్లు నిండలేదు. ఇంధనం తీరిపోయిన నక్షత్రం తన బరువుకు తానే క్రుంగి, శ్వేతకుబ్జం అనే చిన్న, మిక్కిలి సాంద్రమైన తారగా మారి స్థిరపడుతుందని అప్పటి పండితుల అభిప్రాయం. ఆ ఓడప్రయాణంలో చంద్రశేఖర్ క్వాంటం సిద్ధాంతానికి సాపేక్షతా సిద్ధాంతాన్ని జోడించి లెక్కకడితే, అట్టి తార ద్రవ్యరాశికి ఒక హద్దు ఉన్నదని తేలింది. ఆ హద్దు సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. దానిని మించినది శ్వేతకుబ్జంగా నిలువలేదు, ఇంకా క్రుంగిపోవలసిందే.

1933లో ఆయన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు ఫెలోగా ఎన్నికయ్యారు. సర్ ఆర్థర్ ఎడింగ్టన్ ఆ కళాశాలవారే. 1919 నాటి సూర్యగ్రహణ పరిశీలనతో ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి బలం చేకూర్చిన మహాపండితుడు. 1934 చివరి నెలలలో ఎడింగ్టన్ తరచుగా చంద్రశేఖర్ గదికి వచ్చి లెక్కలు ఎంతవరకు వచ్చాయని విచారించేవారు. లెక్కలు చేసే యంత్రం సంపాదించడంలో సాయం కూడా చేశారు. తన అభ్యంతరాన్ని మాత్రం బయటపెట్టలేదు.

1935 జనవరి 11న లండన్‌లో రాయల్ అస్ట్రనామికల్ సొసైటీ సమావేశం జరిగింది. చంద్రశేఖర్ తన పత్రం చదివి కూర్చున్నారు. వెంటనే ఎడింగ్టన్ లేచి, ఆ లెక్కకు ఆధారమైన సూత్రమే తప్పనీ, నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా అడ్డుకొనే ప్రకృతినియమం ఏదో ఉండితీరాలనీ వాదించారు. వాదించడంతో సరిపెట్టలేదు, హాస్యం చేశారు. సభ నవ్వింది. సభ ముగిశాక ఒక్కొక్కరే చంద్రశేఖర్ దగ్గరకు వచ్చి అయ్యో పాపం అన్నారు. మా గోడ ఆవలి మిత్రుడు నాకు ఇక్కడే కనిపించాడు.

శాస్త్రంలో భిన్నాభిప్రాయం నేరం కాదు. ఎడింగ్టన్ తన అభ్యంతరాన్ని నెలల ముందే ఆ గదిలో చెప్పివుంటే అది వాదం అయ్యేది. దాచివుంచి, నలుగురిలో నవ్వులతో బయటపెట్టడం వలన అది దెబ్బ అయింది. మన ఉద్యోగాలలోనూ ఈ తేడా గమనించదగినది. నా పాఠం బాగాలేదని నాతో చెప్పినవారు నాకు ఉపకారులు. అదే మాట నాకు తెలియకుండా పైవారి చెవిని వేసినవారిని ఏమనాలో చదువరులే నిర్ణయించుకోగలరు.

చంద్రశేఖర్ ఏమి చేశారు? ఎడింగ్టన్‌ను ఎగతాళి చేయలేదు. విషయం తెలిసినవారి తీర్పు కోరారు. కోపెన్‌హేగన్‌లో ఉన్న రోజెన్‌ఫెల్డ్‌కు ఉత్తరాలు వ్రాశారు. రోజెన్‌ఫెల్డ్, నీల్స్ బోర్, పౌలీ వంటివారు ఎడింగ్టన్ చెప్పినది తప్పనే అభిప్రాయపడ్డారు. కాని ఆ అభిప్రాయం ఉత్తరాలలోనే ఉండిపోయింది. పేరు పెట్టి పత్రికకెక్కించడానికి ఆ మహామహులు ముందుకు రాలేదు. అదే 1935లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభలో ఎడింగ్టన్ మరల విమర్శించినప్పుడు, సమాధానం చెప్పడానికి అనుమతి కోరుతూ చంద్రశేఖర్ అధ్యక్షులైన హెన్రీ నోరిస్ రస్సెల్‌కు చీటీ పంపారు. మాట్లాడకుండా ఉంటేనే మంచిదని అధ్యక్షులు బదులిచ్చారు. ఆ సూత్రాన్ని సమర్థిస్తూ డిరాక్, పైయర్ల్స్, ప్రైస్ కలిసి పత్రం ప్రకటించేసరికి 1942 వచ్చింది. ఏడేళ్లు!

ఈ వృత్తాంతంలో నన్ను ఎక్కువగా బాధించేది ఎడింగ్టన్ కాదు. ఆయన నమ్మినదే పలికారు. నిజం తెలిసి ఉత్తరాలలో దాచుకున్నవారు, చీటీకి అలా బదులిచ్చిన అధ్యక్షులు, వీరి వలననే ఒక్క మనిషి అభిప్రాయం లోకాభిప్రాయంగా చెల్లుబాటయింది. కొండెం చెప్పేవాడు ఒకడే ఉంటాడు. దానిని నిలబెట్టడానికి తెలిసీ పలుకని పదిమంది కావాలి.

చంద్రశేఖర్ 1937లో అమెరికాలోని యెర్క్స్ వేధశాలకు వెళ్లిపోయారు. తన వాదనంతటినీ నక్షత్రనిర్మాణంపై వ్రాసిన గ్రంథంలో పెట్టి, 1939లో ప్రకటించి, ఆ విషయాన్ని విడిచి వేరొక శాఖలో పరిశోధన మొదలుపెట్టారు. ఇది పలాయనమని కొందరు అనవచ్చు. నేను అనను. చెప్పవలసినదంతా ఎవరైనా సరిచూడగల రూపంలో వ్రాసిపెట్టిన తరువాతనే ఆయన వెళ్లారు. 1983లో నోబెల్ బహుమానంలో భాగం ఆయనకు లభించింది, ఓడలో ఆ లెక్క వేసిన యాభైమూడేళ్లకు. అయితే ఓపిక పట్టండి, కాలమే తీర్పు చెబుతుందని మన విద్యార్థులకు ఉపదేశించడానికి నాకు నోరు రాదు. యాభైమూడేళ్లు ఆగితే మనబోటి ఉద్యోగి పింఛను సైతం ముగిసిపోతుంది.

న్యాయస్థానం మాట కొందరికి తోచవచ్చు. పరువునష్టం మన దేశంలో నేరమే. మునుపు భారత శిక్షాస్మృతి 499, 500 సెక్షన్లలో ఉన్న ఈ విషయం 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ క్రిందికి వచ్చింది. రెండేళ్ల వరకు సాధారణ కారాగారం, జరిమానా, లేదా సమాజసేవ శిక్షగా విధించవచ్చు. కాని అధికారం గలవారికి సద్భావంతో చేసిన ఫిర్యాదు పరువునష్టం కాదని అందులోనే మినహాయింపు ఉన్నది. అది ఉండవలసిందే, లేకుంటే నిజమైన తప్పును కూడా ఎవరూ పైకి చెప్పలేరు. అయితే ప్రిన్సిపాలు చెవిలో ఊదినవారు కూడా ఆ నీడనే చేరతారు. కావున పరిష్కారం మొదట కళాశాల ఆవరణలోనే వెదకాలి.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2008లో దేవ్ దత్ కేసులో చెప్పిన తీర్పు తెలుసుకోదగినది. ప్రభుత్వోద్యోగి వార్షిక రహస్య నివేదికలో వ్రాసే ప్రతి అంశాన్నీ, అది మంచిదైనా చెడ్డదైనా, ఆ ఉద్యోగికి తగిన వ్యవధిలో తెలియజేయాలనీ, దానిపై విన్నవించుకొనే అవకాశం ఇవ్వాలనీ ధర్మాసనం తెలిపింది. తనకు తెలియని మాటకు ఎవడూ సమాధానం చెప్పలేడు కదా! ఆ తీర్పు ప్రభుత్వోద్యోగుల గురించి చెప్పినదే కావచ్చు. మన కమిటీ పెద్దలు ఆ పద్ధతిని తమంతట తాము పాటించడానికి అడ్డేమీ లేదు. అధ్యాపకుని మీద ఫిర్యాదు వస్తే, టైంటేబుల్ మార్చకముందే దాని సారాంశం వ్రాతపూర్వకంగా అతనికి అందాలి. డైరీ, హాజరుపట్టీ, జవాబుపత్రాలు తెరిచి చూడాలి. ఏ సమావేశంలో అతని పేరు ఎత్తారో ఆ సమావేశంలోనే అతని మాట కూడా వినాలి. రస్సెల్ చీటీ వంటిది మన అధ్యక్షులెవరూ వ్రాయకూడదని నా విన్నపం.

నా విషయంలో చివరకు నేను ఒక ఉత్తరం వ్రాశాను. ఎవరినీ నిందించలేదు. నా డైరీని, నేను దిద్దిన జవాబుపత్రాల కట్టను పరిశీలించవలసిందిగా మాత్రమే కోరాను. గోడ ఆవలి మిత్రుణ్ణి ఈసారి అడిగాను. రెండు రోజులు ఆలోచించి, క్రింద సాక్షిగా సంతకం చేశారు. మరుసటి సంవత్సరం తరగతి తిరిగి వచ్చింది. పొరపాటు జరిగిందని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

1939లో పారిస్‌లో చివరిసారి కలిసినప్పుడు, నొప్పించివుంటే విచారిస్తున్నానని ఎడింగ్టన్ చంద్రశేఖర్‌తో అన్నారట. మీ అభిప్రాయం మార్చుకున్నారా అని చంద్రశేఖర్ అడిగారు. లేదన్నారు. మరి విచారం దేనికని ఈయన వెళ్లిపోయారు. అలా వెళ్లినందుకు తరువాత బాధపడ్డారు. 1944లో ఎడింగ్టన్ మరణించినప్పుడు, ఆ కాలపు మహాఖగోళశాస్త్రజ్ఞులలో ఆయనకు ఎంతో ఉన్నతమైన స్థానం ఇచ్చి సంస్మరణ ప్రసంగం చేసినది చంద్రశేఖరే.

నా మీద ఫిర్యాదు చేసిన పెద్దాయన పదవీవిరమణ నేను అక్కడ ఉండగానే జరిగింది. సన్మానపత్రం వ్రాయడం ఎక్కడైనా తెలుగు అధ్యాపకుని నెత్తినే పడుతుంది. రెండు రాత్రులు కూర్చుని వ్రాశాను. ఆయన ముప్పై యేళ్లు ఒక్క తరగతికి కూడా ఆలస్యంగా రాలేదు, అది వ్రాశాను. పేద విద్యార్థులకు పరీక్ష రుసుము తన జేబులోనుండి కట్టేవారు, అదీ వ్రాశాను. సభలో చదువుతున్నప్పుడు ఆయన తల వంచుకొని విన్నారు. చదవడం ముగించి, చట్రం కట్టిన పత్రాన్ని ఆయన చేతికి ఇచ్చి, నా కుర్చీకి తిరిగివచ్చాను.