పాత పుస్తకముల ముక్కవాసన

కోరాపుట్, రాయగడ ప్రాంతములు 1936 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాజధాని నుండి విడివడి ఒడిశాలో చేరినవి. ఇచ్చట తెలుగువారము అల్పసంఖ్యాకులము. కావున అన్నగారు చదివి యిచ్చిన తెలుగు పుస్తకమును వాసన వచ్చుచున్నదని పారవేయరాదు.

ఈ వాసనకు మూలము తేమ. మన కొండసీమలో జూన్ మొదలు సెప్టెంబరు వరకు వానలు మెండు. గాలిలో తేమ నూటికి 65 పాళ్లకు మించి నిలిచినచో కాగితముపై బూజు పెరుగును. ఆ బూజే ముక్కవాసనను పుట్టించును. అత్తరు చల్లినచో వాసన మరుగుపడునే గాని బూజు పోదు.

మొదట పుస్తకమును విప్పి, గాలి తగులు నీడలో నిలువుగా నుంచి ఆరబెట్టవలెను. తీవ్రమైన యెండలో కాగితము పసుపువారి పెళుసగును. బాగుగా ఆరిన పిదప, ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట మెత్తని కుంచెతో బూజు దులుపవలెను. తడిగుడ్డతో తుడువరాదు.

పిమ్మట మూతగల పెద్ద డబ్బాలో ఒక గిన్నెడు వంటసోడాగాని పొడి బొగ్గులుగాని ఉంచి, వాటికి తగులకుండ పుస్తకమును కొంచెము తెరచి నిలుపవలెను. వారము దినములు మూసియుంచినచో వాసన చాలవరకు తగ్గును. పాత కార్డులకును ఇదియే విధానము; వాటిని విడివిడిగా పరువవలెను.

వాసన మరల వచ్చినచో తేమ ఇంకను ఉన్నదని గ్రహించి, మరల ఆరబెట్టవలెను. తల్లిదండ్రులు పుస్తకములను గోడకు ఆనింపక, నేలపై నుంచక, బల్లపై నిలిపిన చాలును. మనము కాపాడిన పుస్తకమే రేపు మన తమ్మునికి తెలుగు నేర్పును.