ఊరగాయ జాడీలో పడ్డ నేల



1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బావి నుంచి ఎగసిన మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ సంగతి యానాంలోనూ, కోనసీమలోనూ మన పెద్దలకు ఇంకా గుర్తే. మంట అందరికీ కనిపిస్తుంది. బావి తవ్వేటప్పుడు పక్క గుంటలో చేరే బురద మాత్రం ఎవరికీ పట్టదు. ఆ బురద గట్టు దాటి పొలంలోకి వస్తే నేలలో ఏం జరుగుతుందో ఈనాడు తెలుసుకుందాం.

వరి కోతకు ముందు చల్లిన మినుమునో, పెసరనో నెల రోజులకు మెల్లగా పెకలించి చూడండి. వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. రైజోబియం అనే బాక్టీరియా అందులో కాపురముండి, గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తుంది. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అనేవి అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. ఇవన్నీ జీతం అడగని పాలేర్లు.

ఇక ఆ బురద సంగతి. తవ్వే మొన వేడెక్కకుండా, రాతిపొడి పైకి వచ్చేలా, బావిలో ఒత్తిడి అదుపులో ఉండేలా బెంటోనైట్ మట్టి, బెరైట్ పొడి, కొన్ని లవణాలు కలిపిన ద్రవాన్ని లోపలికి పంపుతారు. కొన్ని రకాల్లో డీజిల్ వంటి నూనె కూడా ఉంటుంది.

మనం ఆవకాయకు ఉప్పు దట్టించి, పైన నూనె తేలేలా పోస్తాం. ఎందుకు? ఉప్పు సూక్ష్మజీవిలోని నీటిని లాగేస్తుంది, నూనె గాలిని అడ్డుకుంటుంది. అందుకే బూజు పట్టదు. జాడీలో మేలు చేసే ఆ రెండే పొలంలో కీడు చేస్తాయి. మరో చిక్కు కూడా ఉంది. నూనెను తినే బాక్టీరియా నేలలో పెరిగి, నత్రజనిని తామే వాడుకుంటాయి. ఎరువు వేసినా పైరు పసుపుబారుతుంది.

అయితే ఆ నూనె తినే గుణమే మందు కూడా. దున్ని గాలి ఆడనిచ్చి, పశువుల ఎరువు, తగినంత నత్రజని, భాస్వరం అందిస్తే అవి నూనెను క్రమంగా హరిస్తాయి. కాని ఉప్పును ఏ బాక్టీరియా తినదు. దానిని మంచినీటితో కడిగి మురుగు కాలువలోకి పంపాలి. పల్లపు డెల్టా భూముల్లో అది తేలిక పని కాదు. బురదలో సీసం వంటి లోహాలుంటే అవి కడిగినా సులువుగా పోవు.

కనుక భూమిని తవ్వకానికి ఇచ్చే ముందే జాగ్రత్తపడాలి. భూసార పరీక్ష చేయించి, ఆ కాగితం భద్రపరచండి. భూమి తిరిగి చేతికి వచ్చాక మళ్ళీ చేయించండి. నష్టం అడగడానికి ఆ రెండు కాగితాలే సాక్ష్యం. పైమట్టిని విడిగా కుప్ప పోయించమనీ, గుంట అడుగున నీరు ఇంకని పట్టా పరిపించమనీ, వానకు పొర్లకుండా గట్టు ఎత్తు చేయించమనీ ఒప్పందంలోనే రాయించుకోండి.

తరువాత వేసిన మినుములో ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే పాలేర్లు పనిలో ఉన్నట్టే. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే నేల ఇంకా తేరుకోలేదేమోనని అనుమానించి, మరోసారి మట్టి పరీక్షకు పంపండి.