జక్కయ్య సరిచేసుకున్న లెక్క

యెరికో పట్టణంలో జక్కయ్యను ఎరగనివారు ఉండరు. ఆ పేరుకు హెబ్రీ భాషలో ‘పవిత్రుడు’, ‘నిర్దోషి’ అని అర్థం. కానీ ఊళ్లో అతనికి దక్కిన పేరు పాపి. ఎందుకంటే అతను సుంకపు గుత్తదారుడు. సుంకం వసూలు చేసే హక్కును గుత్తకివ్వడం రోమా పాలనలో ఉన్న పద్ధతి. ఒప్పుకున్న సొమ్ము ప్రభుత్వానికి కట్టేస్తే, ఆపైన ప్రజల నుండి గుంజుకున్నదంతా గుత్తదారుల జేబుల్లోకే వెళ్లేది. ఖర్జూర వనాలతో కళకళలాడే యెరికో, యెరూషలేముకు వెళ్లే దారిలో ఉన్న సంపన్న పట్టణం. అలాంటి చోట సుంకరులకే పెద్ద అయిన జక్కయ్య ఎంత కూడబెట్టి ఉంటాడో ఊహించుకోవచ్చు. సాటి యూదులను దోచి పరాయి ప్రభువులకు కట్టబెడుతున్నాడని జనం అతన్ని అసహ్యించుకునేవారు.

అంత డబ్బున్నా అతనికి ఏదో వెలితి. యేసు ఆ ఊరి మీదుగా వెళ్తున్నాడని విని ఎలాగైనా ఆయన్ను చూడాలనుకున్నాడు. పొట్టివాడు కావడంతో జనంలో ఏమీ కనిపించలేదు. ముందుకు పరుగెత్తి ఒక మేడిచెట్టు ఎక్కాడు (లూకా 19:1-10). హోదా ఉన్న మనిషి వీధిలో పరుగెత్తడం, పిల్లాడిలా చెట్టెక్కడం నలుగురూ నవ్వే పనులు. నవ్వితే నవ్వనీ, యేసును చూడటమే ముఖ్యమనుకున్నాడు జక్కయ్య. పూర్ణహృదయంతో విశ్వసించడానికి అదే తొలి మెట్టు. పరువును పట్టుకుని వేలాడేవాడు దేవుణ్ణి పట్టుకోలేడు.

ప్రభువు ఆ చెట్టు కింద ఆగాడు. పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లోనే ఉండాలన్నాడు. జనం సణుక్కున్నారు. జక్కయ్య మాత్రం గబగబా దిగివచ్చి ఆయన్ను సంతోషంగా చేర్చుకున్నాడు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ముందు నీ లెక్కలు తేల్చుకుని రా, ఆ తర్వాత నీ ఇంటికి వస్తానని ప్రభువు షరతు పెట్టలేదు. అతన్ని నిలదీసినట్టుగా లూకా ఒక్క మాటా రాయలేదు. ముందు ఆయన కృప ఆ గడప దాటింది. ఆ తర్వాతే జక్కయ్య నోరు విప్పాడు.

అతనేమన్నాడు? తన ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా ఏదైనా తీసుకుని ఉంటే దానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానన్నాడు. దీనిని ఆవేశంలో అన్న మాటగా చదివి వదిలేస్తాం కానీ, లెక్కవేసి చూస్తే గుండె గుభేలుమంటుంది. అతని ఆస్తి ఎనిమిది లక్షలనుకుందాం. నాలుగు లక్షలు బీదలకు పోయాయి. అందులో అన్యాయంగా వచ్చింది ఒక్క లక్షే అనుకున్నా, దానికి నాలుగంతలంటే మిగిలిన నాలుగు లక్షలూ చెల్లు! అంటే ఆస్తిలో ఎనిమిదో వంతు పాపపు సొమ్మయితే చాలు, జక్కయ్యకు ఏమీ మిగలదు. వసూలు లెక్కల్లో పండిపోయిన మనిషికి ఈ లెక్క తెలియదా? తెలిసే అన్నాడు.

ధర్మశాస్త్రం అతన్ని అంత అడగలేదు. తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి తిరిగి ఇవ్వాలని సంఖ్యాకాండం ఐదవ అధ్యాయం చెబుతోంది. గొర్రెను దొంగిలించి అమ్మిన లేదా చంపినవాడికి నిర్గమకాండం విధించిన శిక్ష నాలుగంతలు. ఒప్పుకున్నవాడికిచ్చే సడలింపు అడగకుండా జక్కయ్య తనకు తానే దొంగ శిక్ష వేసుకున్నాడు!

లూకా ఈ సంఘటనకు ముందటి అధ్యాయంలోనే మరో ధనవంతుణ్ణి చూపించాడు. అతను ఆజ్ఞలన్నీ చిన్నప్పటి నుండీ పాటించినవాడు. ఆస్తి అమ్మి బీదలకిచ్చి తనను వెంబడించమని ప్రభువు చెప్పగానే ఎంతో దుఃఖపడ్డాడు. దుఃఖపడ్డాడు కానీ మారలేదు. జక్కయ్య కన్నీళ్లు పెట్టినట్టు ఎక్కడా లేదు. అతను సంతోషంతోనే మారాడు. పశ్చాత్తాపానికి కొలత కన్నీళ్లేనని భావించే మనకు ఇదొక హెచ్చరిక. కొత్త నిబంధనలో మారుమనస్సుకు వాడిన గ్రీకు మాట ‘మెటానోయియా’కు మనసు మారడమని అర్థం. పాత నిబంధనలోని హెబ్రీ మాట ‘షూబ్’కు వెనుదిరిగి రావడమని అర్థం. ఏడ్చి అక్కడే నిలబడిపోయినవాడు తిరిగి వచ్చినట్టు కాదు.

ఉజ్జీవ కూటాల్లో మనం కన్నీళ్లతో ప్రార్థిస్తాం, సాక్ష్యాలు చెబుతాం. మంచిదే. కానీ తెల్లవారాక పొలం గట్టు మీద జరిపిన సరిహద్దు రాయి అక్కడే ఉంటోంది. తోబుట్టువుకు రావలసిన వాటా మన పేరు మీదే ఉంటోంది. కూలీకి ఎగ్గొట్టిన డబ్బు, కోడలి పుట్టింటి నుండి పిండుకున్న కట్నం, తీర్చగలిగీ తీర్చని అప్పు, ఒకరి మీద పుట్టించిన నింద ఎక్కడివక్కడే ఉంటున్నాయి. దేవుడు నన్ను క్షమించాడని మనం పాడుకుంటుంటే, మన వల్ల నష్టపోయినవాడు గుడి బయట నిలబడి ఆ పాట వింటున్నాడు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడి రమ్మని ప్రభువు కొండమీద ప్రసంగంలో చెప్పింది (మత్తయి 5:23, 24) అందుకే కదా?

అలాగని తిరిగి చెల్లించడం రక్షణకు వెల కాదు. జక్కయ్య డబ్బిచ్చి రక్షణ కొనుక్కోలేదు. రక్షకుణ్ణి పొందాడు కాబట్టే డబ్బును వదులుకోగలిగాడు. చెట్టుకు ప్రాణం ఉంటే ఫలాలు వస్తాయి. 1517లో మార్టిన్ లూథర్ తన తొంభై ఐదు సిద్ధాంతాల్లో మొట్టమొదట చెప్పింది కూడా పశ్చాత్తాపం గురించే. అది ఒకరోజు పని కాదని, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమేనని ఆయన నొక్కిచెప్పాడు.

ఒకేసారి చెల్లించే శక్తి లేదా? ఉన్నంతతో మొదలుపెట్టవచ్చు. నష్టపోయినవాడు ఇప్పుడు లేడా? అతని కుటుంబం ఉంటుంది. అప్పు తీసుకునేందుకు బంధువు కూడా లేకపోతే ఆ సొమ్ము దేవునికి చెందాలని సంఖ్యాకాండమే దారి చూపింది. డబ్బుతో పూడ్చలేని గాయమైతే ఆ మనిషి ముందు నిలబడి క్షమించమని అడగాలి. అది చెట్టెక్కడం కన్నా కష్టమైన పనే. కానీ ఆ పరువు పోగొట్టుకున్న చోటే రక్షణ ఆనందం మొదలవుతుంది.

ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించిన రోజున జక్కయ్య పెట్టె చాలా వరకు ఖాళీ అయి ఉంటుంది. కానీ పాపి అని ఊరంతా పిలిచినవాడు తన పేరుకు తగిన మనిషయ్యాడు. ఆ సాయంత్రం యెరికోలో అతనికన్నా ధనవంతుడు ఇంకెవరున్నారు?