నత్తి మాట ఎత్తితే తప్పా?

ఇంటికి చుట్టాలొచ్చారు. "నీ పేరేంటి నాన్నా?" అని మీ బాబునడిగారు. వాడు "ర... ర... ర..." అంటూ ఆగిపోయాడు. మీరు వంటింట్లోంచి గబగబా వచ్చి "రవి అండీ, రెండో క్లాసు" అని చెప్పేసి, కాఫీ గ్లాసులు అందించారు. గండం గడిచిందనుకున్నారు. కానీ వాడి మొహం చూశారా?

చాలా ఇళ్ళల్లో నత్తి ఊసే ఎత్తరు. ఎత్తితే ఎక్కువవుతుందని భయం. కానీ మాట తడబడుతోందని పిల్లవాడికి తెలుసు. అమ్మ కూడా దాని గురించి మాట్లాడటం లేదంటే అదేదో చెప్పుకోకూడని తప్పనుకుంటాడు. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తడు.

నిజానికిది ఎవరి తప్పూ కాదు. సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. నూటికి సుమారు 5 మంది పిల్లల్లో ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది. చాలామందికి తగ్గిపోతుంది. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. మీ పెంపకం వల్ల రాదు. వస కొమ్ము రాస్తే పోదు. నోట్లో గులకరాళ్ళు అసలే పెట్టకండి, గొంతుకడ్డం పడతాయి.

ఎలా మాట్లాడాలి?

పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నప్పుడు మామూలుగా అడగండి. "ఒక్కోసారి మాట రావటం కష్టంగా ఉంటోంది కదూ? దాన్ని నత్తి అంటారు. చాలామందికి ఉంటుంది. ఎంతసేపైనా సరే, నేను వింటాను" అంటే చాలు. వాడికి ఇష్టం లేకపోతే బలవంతపెట్టకండి.

ఇంగ్లండు రాజు ఆరవ జార్జి కథ చెప్పండి. ఆయనకూ నత్తే. అయినా 1939లో బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజున రేడియోలో దేశమంతటికీ మాట్లాడాడు.

ఎవరైనా వెక్కిరిస్తే "నాకు నత్తి ఉంది, కాస్త ఆగు, చెప్తాను" అనటం ఇంట్లోనే నేర్పండి. వాడితో చెప్పి, టీచరుతోనూ మాట్లాడండి.

"మెల్లగా చెప్పు", "మళ్ళీ మొదలుపెట్టు" అనకండి. వాడి మాట మీరు పూర్తి చేయకండి. మీరే కాస్త నిదానంగా మాట్లాడండి.

6 నెలలైనా తగ్గకపోయినా, మాట కోసం మొహం బిగబడుతున్నా, మాట్లాడటానికే భయపడుతున్నా ఆలస్యం చేయకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం మాట, వినికిడి సమస్యల కోసమే ఉంది.

ఈసారి చుట్టాలు పేరడిగితే మీరు వంటింట్లోనే ఉండండి. వాడే చెప్తాడు. కాస్త ఆలస్యమైతేనేం, ఈలోగా కాఫీ ఏమీ చల్లారిపోదు లెండి!